పరిమితికి మించిన గురి

మనిషి ఏ వస్తువునైనా రెండే రెండు కారణాలకు కొంటాడు. ఒకటి పనితనం, రెండోది షోకు. ఈ సత్యాన్ని ఋషులు కనిపెట్టలేదు, శాస్త్రవేత్తలూ కనిపెట్టలేదు. భిలాయి సెక్టర్ 6 ఆంధ్ర మిత్ర వినోద మండలి, పెయింట్‌బాల్ విభాగం వారు తమ ఏడో నంబరు ఫారం అచ్చు వేయించినప్పుడు కాగితం అడుగున రెండు గళ్లకే చోటు మిగిలింది గనక కనిపెట్టారు.

పెయింట్‌బాల్ తెలియనివారి కోసం ఒక మాట. రంగు నింపిన గుళికలను గాలి ఒత్తిడితో పేల్చి, ఎదుటివాడి బట్టలు పాడుచేసే ఆట అది. గుళిక తగిలి పగిలితే మనిషి అవుట్. గుళికలు పేల్చే సాధనాన్ని మార్కరు అనాలి. తుపాకీ అన్నవారికి మండలి నియమావళి ప్రకారం ఒక ఆదివారం ఆట రద్దు. (ఒకసారి అధ్యక్షులవారే నోరుజారి తుపాకీ అన్నారు. ఆ ఆదివారం భారీ వర్షం పడినట్టు మినిట్స్‌లో రాసుకున్నారు.)

సభ్యులంతా ఉక్కు కర్మాగారంలో ఇంజనీర్లు, ఆఫీసర్లు. వాళ్ల తండ్రులు ఇవే క్వార్టర్ల నుంచి సైకిళ్ల మీద షిఫ్టుకు వెళ్లేవారు. సైకిలు రంగు ఎందుకు ఎంచుకున్నారని వాళ్లను ఏ ఫారమూ అడగలేదు. కొడుకుల హయాంలో నాగరికత పెరిగింది. ఖరీదైన మార్కరు కొన్న ప్రతి సభ్యుడూ ఫారం ఏడులో ‘పనితనం’, ‘షోకు’ అనే రెండు గళ్లలో ఒకదానికి టిక్కు పెట్టి, సంతకం చేసి, కార్యదర్శికి ఇవ్వాలి. మూడేళ్లలో నలభై ఒక్క మంది ఇచ్చారు. నలభై ఒక్క మందీ పనితనానికే టిక్కు పెట్టారు. సునీల్ అనే సభ్యుడొకడు మొదట షోకుకు పెట్టాడు గానీ, అధ్యక్షులవారు పిలిచి, టీ ఇచ్చి, ఇంట్లో అంతా కులాసాయేనా అని అడిగాక, తెలిసి రాసిందేమీ కాదని ఇద్దరు సాక్షులతో దిద్దుబాటు పత్రం ఇచ్చుకున్నాడు.

కుమ్హారి దగ్గర, హైవే పక్కనున్న మైదానంలో ప్రతి ఆదివారం పొద్దున్నే ఆట. మైదానం యజమాని సంజయ్ గుమ్మంలోనే ఒక స్పీడు మీటరు పెట్టాడు. గుళిక వేగం సెకనుకు రెండువందల ఎనభై అడుగులు దాటితే ఎంతటివారి మార్కరునైనా లోపలికి రానివ్వడు, కళ్లు పోతాయని. అందుచేత సభ్యులు అతివేగం కోసం కొన్న మార్కర్లకు గుమ్మం దగ్గర మర తిప్పి, అద్దె మార్కర్ల వేగానికి దించి, గర్వంగా లోపలికి తీసుకుపోయేవారు.

ఇలా సాఫీగా జరిగిపోతున్న వ్యవస్థలో ఆడిట్ అభ్యంతరం ఒకటి వచ్చి పడింది. కంపెనీ చిలకపచ్చ రంగు విడుదల చేసిన వారంలోనే నలుగురు సభ్యులు కొత్త మార్కర్లు కొన్నారట. పాత మార్కర్లు పనిచేయడం మానేశాయా, లేక పాత రంగు పనిచేయడం మానేసిందా అని మండలి ఆడిటరు ఎర్ర ఇంకుతో అడిగాడు. (ఆయనది పక్కనున్న ఉతై ఊరు. అక్కడి నుంచి బస్సులో వస్తాడు. ఆటలు ఆడడు.) కొనుగోళ్ల వెనక ఉన్నది షోకా, పనితనమా తేల్చడానికి మండలి ఏకసభ్య విచారణ సంఘాన్ని వేసింది. ఆ ఏకసభ్యుడే ధర్మారావు.

ధర్మారావు కర్మాగారం పరీక్షశాలలో అసిస్టెంట్ జనరల్ మేనేజరు. పాతికేళ్లుగా ఉక్కు ముక్కలను సాగదీసి, విరగ్గొట్టి, గీసి చూసి, పాస్ అనో ఫెయిల్ అనో రాసి సంతకం పెట్టడం ఆయన ఉద్యోగం. ఒకసారి పైఅధికారి ఫోన్లో అరుస్తుండగానే, మిల్లీమీటరులో మూడో వంతు తేడాకు మొత్తం సరుకును వెనక్కి పంపించాడు. తప్పుడు సంతకం చేయనివాడని టౌన్‌షిప్పులో పేరు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం.

అంతటి మనిషికీ ఒక మార్కరు ఉంది. కిందటి నెలే కొన్నాడు. నెమలికంఠం రంగు. ఎండలో ఒక పక్క నుంచి చూస్తే నీలం, ఇంకో పక్క నుంచి చూస్తే ఆకుపచ్చ.

“ఏటండీ ఇది, ఇలా మెరిసిపోతంది?” అంది భార్య కుముదిని, పెట్టె విప్పిన రోజు.

“పనితనం కోసం కొన్నాను.”

“పనితనానికి రంగుంటాదేటి?”

“నీలం వేడిని తక్కువ లాగుతాది. గొట్టం చల్లగా ఉంటే గుళిక తిన్నగా ఎల్తాది.”

“బూట్లు కూడా నీలమే తెచ్చుకున్నారు. కాళ్లు కూడా తిన్నగా ఎల్తాయా?”

ధర్మారావు బూట్ల వైపు చూసుకున్నాడు. అబద్ధమాడే అలవాటు ఆయనకు లేదు. బూట్లను ఆయన ఇంకా పరీక్షించలేదంతే.

విచారణకు ఇంకో పని కూడా తగిలించారు. రాయపూర్‌లో రాష్ట్రస్థాయి పోటీలున్నాయి. మండలి నుంచి ఐదుగురి జట్టు వెళ్లాలి. విచారణలో ఎలాగూ గురి పరీక్ష పెడుతున్నారు గనక, అందులో మొదటి ఐదు స్థానాలు వచ్చినవారే జట్టు అని తీర్మానం చేశారు. ధర్మారావు చిన్నప్పుడు ఏ ఆటలోనూ ఏ జట్టులోనూ లేడు. స్కోరు రాయడానికి పిలిచేవారు, అక్షరాలు గుండ్రంగా ఉంటాయని. వీపు మీద తన పేరున్న చొక్కా తొడుక్కుని ఒక్కసారైనా మైదానంలోకి నడవాలని ఆయనకు యాభై రెండేళ్ల వయసులో బలంగా అనిపించింది. అందులో తప్పేమీ లేదు. తప్పంతా ఆ తరవాత జరిగింది.

పరీక్షకు వారం ముందు కృష్ణప్రియ ఇంటికి వచ్చింది. రైల్వేలో పనిచేసి రిటైరైన రాజాబాబు కూతురు. తనూ రైల్వేలోనే అసిస్టెంట్ లోకో పైలట్. రాజాబాబు, ధర్మారావు ఒకే ఊరివాళ్లు కావడంతో ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తుంది. కర్మాగారం మనిషి కాదు గనక మండలిలో ఆమెది అనుబంధ సభ్యత్వం. (అనుబంధ సభ్యులు ఆడవచ్చు, చప్పట్లు కొట్టవచ్చు, ఓటు వేయరాదు.) సొంత మార్కరు లేదు. సంజయ్ దగ్గర అద్దెకిచ్చే తొమ్మిదో నంబరుతో ఆడుతుంది. దాని పిడికి కరెంటు పనివాళ్లు వాడే నల్లటి టేపు చుట్టి ఉంటుంది.

“బాబాయ్, నా పేరు కూడా రాసుకోండి. రాయపూర్ ఎల్లాలనుంది.”

“సొంత మార్కరుంటేనే అభ్యర్థి అని రూలుందమ్మా.”

“తొమ్మిదో నెంబరుంది కద. మూడేళ్ల నించి దాంతోనే ఆడతన్నాను.”

ధర్మారావు ఆలోచించాడు. పరీక్షశాలలో దేన్ని కొలవాలన్నా, పోల్చి చూసుకోడానికి గుణం తెలిసిన మామూలు ముక్క ఒకటి పక్కన పెట్టుకుంటారు. దాన్ని ప్రామాణిక నమూనా అంటారు. అద్దె మార్కరుతో ఆడే మామూలు మనిషి ఒకరు ఉంటే ఈ పరీక్షకూ శాస్త్రీయత వస్తుంది. అభ్యర్థుల పట్టీలో చోటు లేకపోతేనేం, నమూనా పట్టీలో చోటుంది. కృష్ణప్రియ పేరు అక్కడ రాశాడు.

“ఏ పట్టీ అయినా గుళిక గుళికే. మొదటి ఐదులో వస్తే రాయపూర్ నువ్వెల్తావు. నా మాట,” అన్నాడు.

“మీ మాటంటే సంతకం లాంటిదని మా నాన్న అంటాడు బాబాయ్,” అంటూ ఆ పిల్ల సంతోషంగా స్కూటీ ఎక్కి డ్యూటీకి వెళ్లిపోయింది.

పరీక్షను ధర్మారావు తన శాస్త్రమంతా ధారపోసి తయారుచేశాడు. రంగు కనబడకుండా ప్రతి మార్కరుకూ గోనెసంచి తొడుగు కుట్టించి, సుద్దతో నంబరు వేయించాడు. మొదటి విడతలో చీటీలు తీసి, ఎవరికి ఏ మార్కరు వస్తే దానితో ఇరవై గుళికలు. రెండో విడతలో అందరూ ఆ అద్దె తొమ్మిదో నంబరుతోనే మరో ఇరవై. ఇరవై గజాల దూరంలో కట్టిన స్టీలు పళ్లెం గురి. పేర్లిచ్చినవారు పద్నాలుగు మంది. గోనెసంచుల సంగతి తెలియగానే ముగ్గురికి వెన్నునొప్పి వచ్చింది.

“మతలబ్, మార్కరు ఎవరికీ కనబడదా?” అని కార్యదర్శి మనోజ్‌కుమార్ దిగులుగా అడిగాడు. భిలాయిలోనే పుట్టి పెరిగినవాడు, బాధ కలిగితే హిందీ వచ్చేస్తుంది. “ఫిర్ ఫాయిదా క్యా, సాబ్? అంత పెట్టి కొని ఏం లాభం?”

ఆదివారం పదకొండు మంది అభ్యర్థులు, ఒక ప్రామాణిక నమూనా, వెరసి పన్నెండు మంది పేల్చారు. మధ్యాహ్నానికి కాగితం తయారైంది. దాన్ని చూసి ధర్మారావుకు ఒళ్లు పులకరించింది. అంత శుభ్రమైన ఫలితం ఆయన పాతికేళ్లలో చూడలేదు. మార్కరు మారినా మనిషి అంకె ఒకటికి మించి మారలేదు. మనోజ్‌కుమార్‌కు ఎనిమిది, ఎనిమిది. సునీల్‌కు పదమూడు, పన్నెండు. కృష్ణప్రియకు పంతొమ్మిది, పంతొమ్మిది. అందులో మొదటి పంతొమ్మిదీ చీటీలో ఆమెకు వచ్చిన ధర్మారావుగారి నెమలికంఠం మార్కరుతో కొట్టినది. ధర్మారావుకు పదకొండు, పదకొండు.

ఆ ఆనందంలోనే అక్కడికక్కడే నివేదిక రాశాడు. ‘గురి మనిషిది. మార్కరుది కాదు. కాబట్టి నాతో సహా ఏ సభ్యుడి కొనుగోలుకూ పనితనం కారణం కాదు.’ కింద సంతకం పెట్టాడు. ఆ తరవాత వరస నంబర్లు వేస్తూ వేస్తూ తన పేరు దగ్గర ఆగాడు. ఆరు. మొదటి పేరు లేకపోతే తను ఐదు. ఈ లెక్క ఆయన చేయలేదు, దానంతటదే అయింది.

మంగళవారం కార్యవర్గ సమావేశం జరిగింది. అధ్యక్షుడు రామమోహనరావు నివేదికను రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“ధర్మారావూ, రిపోర్టు ఫస్ట్‌క్లాసు. చిక్కల్లా ఏటంటే, పనితనం కాదంటే షోకు అవుద్ది. మూడో గడి లేదు. షోకయితే నలభై ఒక్క మంది డిక్లరేషన్లూ తప్పవుతాయి. రూలు ప్రకారం అందరూ రాజీనామా చెయ్యాల. చేస్తే కోరం ఉండదు. కోరం లేని మీటింగులో నీ రిపోర్టు ఎలాగ పాసవుద్ది?”

నిబంధనల్లో తిరుగులేని వాదన అది. చర్చించి చర్చించి చిన్న సవరణ చేశారు: ‘మార్కరు అందం చూసి సభ్యునికి కలిగే ధైర్యం మార్కరు పనితనంలో అంతర్భాగం.’ దీంతో షోకు చట్టబద్ధంగా పనితనమైపోయింది. ఆడిటరుకు జవాబు వెళ్లిపోయింది. అందరూ సమోసాలు తిన్నారు.

రెండో అంశం జట్టు. మనోజ్‌కుమార్ జాబితా చదివి, మొదటి పేరు దగ్గర వేలు పెట్టి ఆగాడు.

“సాబ్, కృష్ణప్రియ దీదీ అభ్యర్థి కాదు. స్టాండర్డ్ శాంపిల్. మీ ల్యాబులో స్టాండర్డ్ శాంపిల్ ఉంటది కదా, దాన్ని సరుకుతో పాటు బయటికి డిస్పాచ్ చేస్తారా?”

గదిలో అందరూ ధర్మారావు వైపు చూశారు. ఆయన నిజాయితీపరుడు. అడిగిన ప్రశ్నకు నిజమే చెప్పాడు.

“చెయ్యం.”

“సరుకు లాటులో లెక్కెడతారా?”

“పెట్టం.”

ఆ పిల్ల ముక్క కాదు, మనిషి, నేను మాటిచ్చాను అని చెప్పడానికి ఆయన నోరు తెరిచాడు కూడా. సరిగ్గా అప్పుడే మనోజ్‌కుమార్ సంచిలోంచి జట్టు చొక్కాల నమూనా తీసి బల్లమీద పరిచాడు. వీపు మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఆయన పేరే కుట్టి ఉంది. నీలం దారంతో. ధర్మారావు తెరిచిన నోట్లో ఒక గ్లాసు నీళ్లు పోసుకుని మూసేశాడు. అప్పుడాయనకు సిగ్గేసింది. సిగ్గేసిందని చెప్పుకోడానికి ఏ ఫారమూ లేదు గనక ఊరుకున్నాడు.

కృష్ణప్రియకు మండలి తరఫున అభినందన పత్రం పంపారు. ఆమెను శాశ్వత ప్రామాణిక నమూనాగా గుర్తించడం గర్వకారణమనీ, ఏడాదికోసారి కొలతలకు హాజరుకావాలనీ, మండలి ఆవరణ దాటి పోటీలకు పంపడం కుదరదనీ అందులో ఉంది. ఆమె ఆ పత్రం పట్టుకుని, డ్యూటీ బట్టల్లోనే ధర్మారావు ఇంటికి వచ్చింది.

“బాబాయ్, నేను నెగ్గేనా, ఓడిపోయేనా? అదొక్కటి చెప్పండి.”

“నెగ్గేవమ్మా. అంత బాగా నెగ్గడం మూలానే...”

“మరి ఫిఫ్త్ ఎవరు?”

“నేను.”

“సిక్స్త్ కద?”

“స్టాండర్డ్‌ని లెక్కెట్టరమ్మా. అది రూలు.”

వంటింట్లోంచి కుముదిని కాఫీ తెచ్చి, ఆ పిల్లకు మాత్రమే ఇచ్చి, భర్త గ్లాసు తిరిగి లోపలికి తీసుకుపోయింది.

“మా లైన్లో ఎర్ర సిగ్నలుంటే ఆగిపోతాం బాబాయ్. పచ్చగుంటే ఎల్తాం,” అంది కృష్ణప్రియ. “పచ్చ మరీ పచ్చగుందని బండి ఆపీడం నేనెక్కడా చూళ్లేదు. మీరు మాటిచ్చేరని నాన్నకి చెప్పేను. ఇప్పుడేటి చెప్పమంటారు?”

ధర్మారావుకు ఏడుపొచ్చినంత పనయింది. రూలు అలా ఉందని చెప్పమన్నాడు.

రాయపూర్‌లో మండలి జట్టు ఐదు రంగుల్లో మెరిసిపోతూ దిగింది. ప్రేక్షకులు వాళ్ల మార్కర్లతో ఫోటోలు దిగారు. ఆట నాలుగు నిమిషాల్లో ముగిసింది. ఎదుటి జట్టు ఐదుగురిలో ఒక్కరూ అవుట్ కాలేదు. ధర్మారావు మొదటి నిమిషంలోనే వీపు మీద గుళిక తిని, తన పేరు మీద నారింజ రంగు కారుతుండగా బయటికి నడిచాడు. ఆ రంగు ఉతికినా పూర్తిగా పోలేదు.

ఓటమిపై సమీక్షా సమావేశం పెట్టారు. లోపం మార్కర్లలో లేదని ముందే తీర్మానం ఉంది. సభ్యుల్లో ఉందనడం సభ్యతగా ఉండదు. మిగిలింది ప్రామాణిక నమూనా ఒక్కటే. ఇరవైకి పంతొమ్మిది అనే కొలత పక్కన నిలబడవలసి రావడం వల్ల సభ్యుల ధైర్యం, అంటే సవరణ ప్రకారం మార్కర్ల పనితనం, దెబ్బతిన్నదని తేలింది. కాబట్టి ఆ నమూనాను రద్దుచేసి, వ్యవహారానికి అనువైన కొత్త నమూనాను నియమించారు. అది ధర్మారావు. పదకొండు. (నమూనా బయటికి వెళ్లరాదన్న నిబంధన ఆఫీసరు స్థాయి నమూనాలకు వర్తించదని చిన్న అక్షరాల్లో చేర్చారు.) పదకొండుకు రెండు అటూ ఇటూగా ఉన్నవారంతా పాస్. మనోజ్‌కుమార్ ఎనిమిది మీద పునఃపరీక్ష కోరి, చిలకపచ్చ మార్కరు చేతికిస్తే తొమ్మిది తెచ్చుకుని గట్టెక్కాడు.

ఈ సంగతి తెలిసి కృష్ణప్రియ మళ్లీ దరఖాస్తు పెట్టింది. ఇప్పుడు తను నమూనా కాదు గనక అభ్యర్థే కదా అని రాసింది. సొంతదనిపించుకోడానికి తొమ్మిదో నంబరు మార్కరును సంజయ్ దగ్గర కొనేసి, ఫారం ఏడు కూడా నింపింది. లోపం లేని దరఖాస్తు. మనోజ్‌కుమార్ దాన్ని మూడుసార్లు తిరగేసి, ధర్మారావుకు పంపించాడు.

ధర్మారావు ఆమెను పిలిపించి, మైదానంలో తనే నిలబడి పరీక్ష పెట్టాడు. ఎలాగైనా ఈసారి ఆ పిల్లను పంపాలనే మనసులో అనుకున్నాడు. ఆమె పంతొమ్మిది కొట్టింది. ఆయన తన పుస్తకం తెరిచాడు. ప్రామాణికం పదకొండు. అనుమతించిన తేడా రెండు. వచ్చిన తేడా ఎనిమిది. ఉక్కులో గట్టిదనం తక్కువైనా సరుకు వెనక్కే, ఎక్కువైనా వెనక్కే. పాతికేళ్లుగా ఆయన అలాగే రాశాడు.

“ఏటి బాబాయ్, పదమూడయ్యీలాగ ఆరు గుళికలు తప్పించీమంటారా? ఇంకోసారి కొడతాను,” అంది కృష్ణప్రియ. ఆమె నవ్వడం లేదు.

“అలా కావాలని తప్పు కొట్టకూడదమ్మా,” అన్నాడు ధర్మారావు, నిజంగానే నొచ్చుకుని. “అది మోసం.”

“అయితే ఇదేటి?”

ఆయన పత్రం మీద ‘పరిమితికి మించిన గురి. తిరస్కరించడమైనది’ అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. సంతకం చేశాడు. ఒక్క అంకె తప్పు లేదు, ఒక్క నిబంధన దాటలేదు. ఆమె ఆ కాగితం తీసుకోబోయి ఆగింది.

“ముద్ర కూడా కొట్టీండి బాబాయ్. సంజయ్ చెప్తే, రాయపూర్ జట్టువాళ్లు వాళ్ల జట్టులో ఆడమని కబురెట్టేరు. మీ క్లబ్బులో ఎందుకు తియ్యలేదని అడిగితే ఈ కాగితమే చూపించాల.”

ధర్మారావు ముద్రను ఇంకు ప్యాడ్ మీద అద్ది, ఎత్తి కొట్టాడు. సరిగ్గా ఆమె పేరు నడిమధ్య పడింది. ఆ ఏడాది మొత్తంలో ధర్మారావు గురి తప్పకుండా కొట్టింది అదొక్కటే.